చీమ కుట్టించుకొనుటకు అనుమతి కోరుతూ

ఉద్యానవనాల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పిల్ల మోకాలు చెక్కుకుపోవడం తల్లి తప్పా, పిల్ల హక్కా అను ప్రశ్న, తత్సంబంధముగా పార్కు వెనుక గేటు తాళము తీయించుట గురించి.

పై ప్రశ్నను ఆరేళ్ళుగా మోస్తున్నాను. ఇలాంటి ప్రశ్నలు తీసుకునే కౌంటరు తమ కార్యాలయంలో లేదని తెలిసి, గేటు సంగతి జతచేసి పంపుకుంటున్నాను. నేను బడిపుస్తకాల్లో అచ్చుతప్పులు దిద్దే ఉద్యోగినిని, ఇద్దరు ఆడపిల్లల తల్లిని. గేటు విషయమై ఈ రెండేళ్ళలో ఇది నా ఐదవ అర్జీ.

1. పార్కు ముందు భాగమున చెట్లు పదకొండు, బోర్డులు పద్నాలుగు. గడ్డి తొక్కరాదు, చెట్టెక్కరాదు, మట్టి తవ్వరాదు, పరుగెత్తరాదు. పద్నాలుగో బోర్డు మీద 'పిల్లలకు స్వాగతం' అని ఉంది. ఈ బోర్డుకు ఆనుకోరాదని దాని కిందే చిన్న అక్షరాల్లో ఉంది.

2. వెనుక భాగమున ఎవరూ నాటని చెట్లు, ఎవరూ కత్తిరించని పొదలు, ఒక చీమలపుట్ట, వానపడితే నీళ్ళు నిలిచే గుంట ఉన్నవి. అక్కడ బోర్డు లేదు కనుక తాళం ఉంది. వాచ్‌మన్‌ను అడిగితే, "తాళంచెవి నా దగ్గరే ఉందమ్మా. తెరిచే అధికారం లేదు. తుప్పు పట్టకుండా నెలనెలా నూనె రాసే అధికారమే ఉంది," అన్నాడు. తమ గుమాస్తా గారిని అడిగితే, "ప్రకృతి మా సెక్షన్ కాదు మేడమ్, మేం మొక్కలు చూస్తాం," అన్నారు.

3. పిల్లలకు ప్రకృతి ఎంతైనా అవసరమని తమరు గుర్తించి, పార్కు మధ్యలో 'ప్రకృతి అనుభవ మందిరము' కట్టించినారు. మా చిన్నదాన్ని తీసుకెళ్ళాను. ప్లాస్టిక్ గడ్డి మాసిపోతుందని చెప్పులు బయటే విడిపించారు. గోడ మీది తెరలో జలపాతం. స్పీకరులో పిట్ట నాలుగు నిమిషాలకోసారి ఠంచనుగా కూస్తోంది. ఇంతలో కరెంటు పోయింది.

"అమ్మా, ప్రకృతి పోయింది," అంది మా పిల్ల.

"వచ్చేస్తుంది పాపా, జనరేటరు వేస్తున్నారు," అన్నారు అటెండరు గారు, ఏమాత్రం తడుముకోకుండా.

4. మొన్న పరీక్షలో 'చీమ కుట్టినట్టయినా లేదు' అన్న జాతీయానికి సొంతవాక్యం రాయమంటే, "మా అమ్మ ఫోను కింద పడినా దానికి చీమ కుట్టినట్టయినా లేదు, ఎందుకంటే కవరుంది" అని రాసింది మా చిన్నది. టీచరు గారు పూర్తి మార్కులు వేశారు. ఇంటికొచ్చి నన్ను అడిగింది:

"అమ్మా, చీమ కుడితే మంటా, దురదా?"

"ముందు చురుక్కుమంటుంది."

"చురుక్కు అంటే?"

ఆ మాటను ఎన్ని పుస్తకాల్లో దిద్దానో. ఒత్తు పడిందా లేదా అని చూశాను గాని, అదేమిటో పిల్లకు చెప్పలేకపోయాను. అయ్యా, మన భాషలో సగం చీమలు, కాకులు, ఉడుతలు, ఊసరవెల్లులే. వాటిని గేటవతల పెట్టి తాళం వేసి, జాతీయాలు మాత్రం పరీక్షకిస్తున్నాం.

5. వచ్చే సోమవారం సదరు గేటు తీసివేసి, గోడ కట్టి, వెనుక స్థలమును మందిరమునకు వచ్చు వాహనములు నిలుపుటకు చదును చేయుదురని నోటీసు అంటించారు. అనగా ప్రకృతిని చూడవచ్చేవారి కార్ల కోసం ప్రకృతిని తీసేస్తున్నారు. 'పిల్లల సౌకర్యార్థం' అని ఉంది అందులో. వృత్తిరీత్యా రెండుసార్లు చదివాను. అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. మాటే తప్పు.

కావున గోడ పని నిలిపివేసి, రోజూ సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకు గేటు తెరిపించగలరు. కుట్టిన చీమలపై ఎట్టి ఫిర్యాదూ చేయనని హామీపత్రం జతపరిచాను. నాలుగు అర్జీలకూ తమ కార్యాలయానికి చీమ కుట్టినట్టయినా లేదు. ఐదోదైనా చురుక్కుమనునట్లు చిత్తగించవలెనని కోరుతూ,

తమ విధేయురాలు,
పార్కు ఎదుటి మేడ, రెండో అంతస్తు

తాజాకలం: ఆరేళ్ళ క్రితం ఆ గేటుకు తాళం వేయమని అర్జీ పెట్టినది నేనే. దాస్తే ఫైలులో ఎలాగూ దొరుకుతుంది. అప్పుడు మా పెద్దమ్మాయికి ఎనిమిదేళ్ళు. అక్కడి చెట్టు మీంచి పడి మోచెయ్యి విరిగింది. మూడు రోజుల్లో తాళం పడింది. భయంతో రాస్తే తమ కార్యాలయం ఎంత చురుకో అప్పుడు చూశాను.

నిన్న ఇది రాస్తూ పెద్దదాన్ని అడిగాను, "ఆ రోజు చాలా నొప్పేసిందా?" అని.

"పై కొమ్మలో గూడుందమ్మా. మూడు గుడ్లు. వాటి మీద నీలం చుక్కలు," అంది. చేతి ఊసే ఎత్తలేదు.

"అప్పుడే ఎందుకు చెప్పలేదే?"

"నువ్వు చెట్టును తిడుతున్నావుగా."

అయ్యా, గోడ ఆపించండి. గేటు తెరిచాక చిన్నదాన్ని ఒక్కదాన్నే పంపి నేను ఇంట్లో కూర్చోగలనో, గేటు పట్టుకుని "దిగవే, దిగు" అని అరుస్తూ నిలబడతానో, నాకింకా తెలియదు.