నెలజీతం పిల్ల

నరసరావుపేట,
ఫిబ్రవరి తొమ్మిది.

ప్రియమైన అమ్మకి, ప్రభువు పేరట వందనాలు.

ఇక్కడ నాకేమీ లోటు లేదు. నువ్వూ, తమ్ముడు ఎలీషా బాగున్నారని నీ ఉత్తరం చూసి సంతోషించాను. ఈసారి నీ అక్షరాలు గుండ్రంగా కుదిరాయి. బైబిలు చదవాలని యాభై ఏళ్ల వయసులో అక్షరాలు దిద్దినదానివి, ఇప్పుడు నాకే రెండేసి పేజీలు రాస్తున్నావు. అందుకే నేనూ ఫోను పక్కన పెట్టి కాగితం తీశాను. నీకు ఒక మాట చెప్పాలి. ఫోనులో అయితే నాకు ధైర్యం చాలదు. కంగారుపడకు, చెడ్డ కబురేమీ కాదు.

ముందు నీ ప్రశ్నలకి జవాబులు. అన్నం వేళకే తింటున్నాను. ఎండలో టోపీ పెట్టుకుంటున్నాను. మొన్న కోటప్పకొండ మీద ఒక పెళ్లిజంటకి ఫోటోలు తీస్తుంటే, కోతి వచ్చి పెళ్లికొడుకు కళ్లజోడు లాక్కుపోయింది. నేను కెమెరా నొక్కుతూనే ఉన్నాను. వాళ్లకి అన్నిటికంటే ఆ ఫోటోనే నచ్చింది, ఆల్బం అట్ట మీద అదే వేయమన్నారు.

ఇక మూడో ప్రశ్న. "ఏమే, మీ ఓనరు మంచోడేనా? ఒకటో తారీకు దాటకుండా జీతం ఇత్తన్నాడుగా, అట్టాంటోడికి చేతులెత్తి దణ్ణం పెట్టాల. నెలాఖరు శనివారం పండుమిరపకాయ పచ్చడి పట్టుకొని వస్తన్నా, ఆయన చేతికే ఇస్తా" అని రాశావు. అది చదివాక ఇక దాచి లాభం లేదనుకున్నాను.

నెలజీతం అంటే నీకు ఎంత గురో నాకు తెలుసు. మిరపకోతలకి వెళ్లిన రోజే నీకు కూలి, వాన పడితే అదీ లేదు. అందుకే నేను పేటలో శ్రీహరి గారి స్టూడియోలో చేరినప్పుడు చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పావు, మా పిల్లది నెలజీతం అని. ఆ తర్వాత వెల్దుర్తిలో మన వాళ్లందరికీ నేను నెలజీతం పిల్లనే.

అమ్మా, శ్రీహరి గారు రెండేళ్ల కిందటే స్టూడియో ఎత్తేసి విజయవాడ వెళ్లిపోయారు. ఆయన పాత కెమెరా కొనుక్కుని, చిన్న గది అద్దెకి తీసుకుని నేనే షాపు పెట్టుకున్నాను. నాకు ఓనరంటూ ఎవరూ లేరు. చెబితే నాకూ కూలి బతుకే వచ్చిందని దిగులుపడతావని దాచాను. నీతో అబద్ధమాడాను, క్షమించు.

అబద్ధం నిలబడాలంటే ఒకటో తారీకున నీకు డబ్బు అందాలి కదా. పెళ్లిళ్లున్న నెలల్లో చేతినిండా డబ్బు ఆడింది, చీరలు కొన్నాను, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ బిర్యానీ పెట్టించాను. ఆషాఢం వచ్చేసరికి ఒక్క పెళ్లీ లేదు. నీకు పంపడానికి పక్క షాపు ఆయేషా అక్కని అప్పు అడిగాను. ఆమె జాకెట్లు కుడుతుంది, మనసు మంచిది, నోరు పెద్దది. డబ్బు ఇచ్చి మరీ తిట్టింది.

"ఏందే దీపికా, ఈ షాపుకి ఓనరువి నువ్వే, పనిపిల్లవీ నువ్వే. పనిపిల్ల గల్లాపెట్టెలో ఎప్పుడు పడితే అప్పుడు చెయ్యి పెడితే ఏమంటారే? నీకు నువ్వు జీతం కట్టుకో. షాపుకి ఎంతొచ్చినా ఆ జీతం మటుకే తీసుకో. మిగతాది షాపుది, ముట్టుకోమాక."

నెలకి పదహారు వేలు అనుకున్నాం. మొదటి జీతం ఆయేషా అక్కే ఇచ్చింది. షాపు డబ్బు కవరులో పెట్టి, నా కుర్చీలో కూర్చుని, నన్ను బయటికి పంపి తలుపు కొట్టి రమ్మంది. "సంతకం పెట్టు. రేపు తొమ్మిదింటికల్లా రా, లేటయితే కోత పడిద్ది" అంది. ఇద్దరం కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వుకున్నాం.

పోయిన ఆషాఢంలోనూ పెళ్లిళ్లు లేవు. పాస్‌పోర్టు ఫోటోలు, రెండు పుట్టినరోజులు, అంతే. అయినా ఒకటో తారీకున నా జీతం నాకొచ్చింది. పెళ్లిళ్ల నెలల్లో ముట్టుకోకుండా ఉంచిన డబ్బు అది. నీకు ఐదు వేలు పంపేసి కుర్చీలో కూర్చుని ఏడ్చాను. సంతోషంతోనే అమ్మా. నీతో ఆడిన అబద్ధాన్ని నిలబెట్టబోయి నిజంగానే నెలజీతం మనిషినయ్యాను.

ఎలీషా నిశ్చితార్థానికి సెలవు దొరుకుతుందా అని అడిగావు. ఓనర్ని అడిగాను. రెండు రోజులు ఇచ్చింది, జీతం కోయదట. ఫోటోలు కూడా షాపు తరఫున ఉచితమే అంది.

నువ్వొచ్చే శనివారం బస్టాండుకి ఓనరే స్వయంగా వస్తుంది. పచ్చడి ఆమె చేతికే ఇవ్వు. దణ్ణం మాత్రం పెట్టొద్దు, నీకంటే చాలా చిన్నది. ఇన్నాళ్లూ దాచినందుకు కోపం వస్తే ఆమెనే నీ ఇష్టం వచ్చినట్టు తిట్టు, పడుతుంది. ఆమె దగ్గర పనిచేసే పిల్లని మాత్రం ఏమీ అనొద్దు. పాపం, నెలజీతం మీద బతికే పిల్ల.

ఇట్లు,
నీ కూతురు
దీపిక