రేగొండ రైఫిల్ ముందు గురి, బావి పొలం: మనోరమ పంపకం

మనీషా, మొన్న నా పెట్టె మూత తీసి నువ్వన్న మాట తప్పు. "గివన్నీ ఒక్కటే ఇనుప ముక్కలు అవ్వా, పాత సామాన్లోనికి తూకానికెయ్యి" అన్నావు. అవి ఒక్కటి కావు. ఒక్కటే అయితే నాకు ఇంత రాసే పని ఉండేది కాదు. అంత చదువు చదివినదానివి, ఒక్కదాన్నైనా తిప్పి చూడాల్సింది.

డోర్నకల్ నివాసి, జనగామ తుపాకుల మరమ్మతు రాజమల్లు కూతురు, రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్, డెబ్బై తొమ్మిదేళ్ల మనోరమ అనే నేను, ఎవరి ఒత్తిడీ లేకుండా, తెలివి పూర్తిగా ఉండి రాస్తున్న వీలునామా ఇది. తెలివి మీద అనుమానం ఉన్నవాళ్లు వచ్చి నా చేత పందొమ్మిదో ఎక్కం చెప్పించుకోవచ్చు. తర్వాత వాళ్లను నేను అడుగుతాను. ఇంతకు ముందు రాసినవన్నీ రద్దు. అమలు చేయించే బాధ్యత నా కూతురి కూతురు మనీషాది.

1. డోర్నకల్ ఇల్లు నా కూతురు సుజాతకు. వంటింటి కప్పు కారుతుంది. "వచ్చే వానల్లోపు చేయిస్త అత్తమ్మా" అని అల్లుడు బతికున్నన్నాళ్లూ అన్నాడు. మంచివాడే, కప్పు సంగతి తప్ప.

2. ఇంటిపని చూసే పెంటమ్మకు నా ఉన్ని దుప్పటి, రెండు ఇత్తడి బిందెలు. ఆమె నన్ను రోజూ తిడుతుంది. జ్వరంలో రాత్రంతా కూర్చున్నది కూడా ఆమే. తిట్టే హక్కు ఆమె ఒక్కతే సంపాదించుకుంది.

3. ఆ పెట్టె, అందులోని తుపాకి ముందు గురులు మనీషాకు, భూతద్దంతో సహా. రైఫిల్ బారల్ చివర, చెవుల్లాంటి రెండు రెక్కల మధ్య గోరంత ఎత్తున నిలబడే రేకే ముందు గురి. నాయిన షాపులో దాన్ని మక్ఖీ అనేవాళ్లు. పాత సర్కారీ రైఫిళ్లవి ఏది ఎంత ఎత్తో పక్కన అంకె చూస్తేనే తెలుస్తుంది. ఒక అంకెకూ ఇంకో అంకెకూ తేడా నాలుగు కాగితాల మందం. కొన్నింటికి ముందు అంచు వాలుగా ఉంటుంది, కొన్నింటికి నిలువుగా. పాతవాటిది నీలి నలుపు, తర్వాతి వాటిది బూడిద రంగు. ఇతర పిల్లలు గవ్వలాడే వయసులో నేను ఇవి ఏరి గిన్నెల్లో వేసేదాన్ని. నీకు నేర్పాలని చాలాసార్లు అనుకున్నాను. నువ్వు ఎప్పుడూ ఫోన్‌లో ఉన్నావు.

4. నా పేర లైసెన్సు ఉన్న పాత రైఫిల్ వారసులెవరికీ చెందదు. దాన్ని స్టేషన్‌లో అప్పగించి తుక్కు చేయించాలి. కారణం ఇది.

నాలుగేళ్ల కింద రేగొండలో, సుజాత సాగుచేసే నా బావి పొలం గట్టు మీద, నా కొడుకు కృపాకర్ ఆ రైఫిల్ సొంత చెల్లెలు సుజాత వైపు ఎత్తాడు. "బావి దిక్కు మల్లొకసారి అడుగు వెట్టినవంటే గదే ఆఖరు" అన్నాడు. నేను నిలదీస్తే, "ఉత్తగ బెదిరిచ్చిన అమ్మా, నువ్వెందుకు పరేషానైతవ్" అని నవ్వాడు. అడవిపందుల కాపలాకని అతని పేరు కూడా లైసెన్సులో ఉంది. తుపాకి లాక్కుంటే నాటు తుపాకి కొంటాడు, దాని గురి నా చేతిలో ఉండదు. అందుకని అతను రైఫిల్ మా ఇంట్లో పెట్టి పెండ్లికి పోయిన రోజున, దాని ఎత్తైన మక్ఖీ తీసి, పెట్టెలోకెల్లా పొట్టిది దిగ్గొట్టాను. మక్ఖీ పొట్టిదైతే గుండు పైనుంచి పోతుంది. నూరు గజాల దూరంలో రెండడుగులు పైకి.

పందులు సుఖంగా బతికాయి. "కృపాకరన్న తుపాకి పందులకు సలాం కొడ్తది" అని రేగొండ హోటల్లో నవ్వుకున్నారు. అతను బారల్ వంకరపోయిందన్నాడు, తూటాలు పాతవన్నాడు, ఆఖరికి తుపాకికి నిమ్మకాయ కట్టాడు. ఆదివారం చర్చికి పోయే మనిషే. పందుల దగ్గరికొచ్చేసరికి అన్ని దేవుళ్లూ సమానమయ్యారు.

పోయిన నెల లైసెన్సు రెన్యువల్‌కు మానుకోటలో చూపించాలని తెచ్చినప్పుడు, నా సంతకం కోసం మా ఇంటికొచ్చాడు. భూతద్దం పెట్టి చూశాను. నేను దిగ్గొట్టిన పొట్టిది లేదు. ఎత్తైనది ఉంది. నాయిన బిగించిన మొదటిది కాదు, అది నా పెట్టెలోనే ఉంది. దీని అంచు నిలువు, రంగు బూడిద, అంకె మాత్రం సరిగ్గా అదే. అంటే కొలిపించి, వెతికించి, బయటినుంచి తెప్పించాడు. నేను చేసింది అతనికి తెలిసింది. తెలిసీ ఏమీ ఎరగనట్టు "ఏం జూస్తున్నవమ్మా?" అన్నాడు. తుప్పు అన్నాను. "తుప్పేం లేదు, మంచిగ తుడిచి పెట్టిన" అని తీసుకుపోయాడు.

ఆ తర్వాత అతని మక్కచేనులో పందులు పడ్డాయి. పక్కచేను భద్రు ఫోన్ చేసి చెప్పాడు: "అన్న మంచె మీదనే కూసున్నడు టీచరమ్మా. తుపాకి ఒళ్లనే ఉన్నది. పందుల దిక్కు సూస్తనే లేడు." తగలని తుపాకితో నాలుగేళ్లు పందుల వెంట ఉరికిన మనిషి, తగిలే తుపాకి చేతికొచ్చాక వాటిని వదిలేశాడు. ఆ మంచె మీదికి, బావి దగ్గర సుజాత మోటరు వేసే గడ్డ కనిపిస్తుంది.

పోలీసులకు చెప్పమంటావు. ఏమని? లైసెన్సు ఉంది, గురి కుదిరింది. అతని పేరు తీసెయ్యమని దరఖాస్తు పెట్టాను. అది దాని నడక నడుస్తుంది.

5. బావితో సహా రేగొండ రెండెకరాలు కృపాకర్‌కు. షరతు: రైఫిల్ అప్పగించిన రసీదు మనీషాకు చూపించాకే. సుజాతా, ఇది న్యాయం కాదు. బావి పూడిక తీయించింది నువ్వు, ఆ మడిలో నడుము విరిగేలా నాట్లేసింది నువ్వు. కోర్టుకు పోతే గెలుస్తావు. పోకు బిడ్డా. డోర్నకల్ ఇంట్లో కూర్చుని నన్ను తిట్టుకుంటూ నూరేళ్లు బతుకు.

ఈ షరతు నిన్న కృపాకర్‌కు ఫోన్‌లో చదివి వినిపించాను. అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది. "రసీదు దేనికమ్మా, భూమి ఎట్లయిన నాకే వస్తది. నాకేం తొందర లేదు" అన్నాడు. రైఫిల్ ఇవ్వనని చెప్పడమే అది.

6. కాబట్టి మనీషా, ఈ కాగితం నేను పోయేదాకా బీరువాలో పెట్టకు. చదివిన వెంటనే భూపాలపల్లి పోయి, ఫోన్‌తో మోటరు వేసే స్టార్టర్ ఒకటి కొను. సిమ్ కార్డు వేరే కొనాలి, మరిచిపోకు. మోటర్లు బాగుచేసే తావుర్యాను వెంట తీసుకుపోయి మీ అమ్మ మోటరుకు బిగించు. తెల్లవారుజామున ఆమె టార్చి వేసుకుని గడ్డకు పోవడం ఈ రోజుతో ఆగాలి. కారణం అడిగితే కొత్త రకం వచ్చింది, నడుస్తదో లేదో చూద్దామని తెచ్చిన అను. పని పట్టపగలు, నలుగురు కూలీలు చేనులో ఉండగా కానివ్వండి. రోడ్డు వైపు నుంచే పోండి. గట్టు మీదుగా వద్దు.

డోర్నకల్, 2026 మార్చి 9.

(సంతకం) మనోరమ

మా ఎదుట సంతకం చేశారు. ఇందులో మాకు వచ్చేది ఏమీ లేదు:
పూల్‌సింగ్, రిటైర్డ్ రైల్వే గార్డు, డోర్నకల్
శారద, నర్సు, మరిపెడ