ఓడ ఆటను మూటకట్టింది నేనే

నాంపల్లి,
ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన నాయినకు మీ ఎస్తేరు వందనాలు.

ముందు నా ఫిర్యాదు రాసి, క్షేమ సమాచారాలు తర్వాత అడుగుతాను. రెండు ఆదివారాల కింద చర్చిలో నా కోసం ప్రార్థన చేయించారని అమ్మ ఫోన్‌లో చెప్పింది. "మా బిడ్డ అమాయకురాలు, పట్నంల చెడు సావాసం చేతిల మోసపోయింది" అని మీరు లేచి నిలబడి చెప్పారట. అందరూ మోకరించారట. నాయినా, పుట్టినప్పటి నుంచి చూస్తున్నారు, నేనెప్పుడు అమాయకురాలిని? క్రిస్మస్ నాటకంలో దేవదూత రెక్కలు నేనే చింపి, గాలికి చిరిగాయని చెప్పాను. మీరు అప్పుడు కూడా గాలినే తిట్టారు.

నానమ్మ మోకాలి నొప్పి ఎట్లా ఉంది? దవాఖానకు తీసుకుపోయారా? అమ్మ కళ్లద్దాలు మార్పించారా? నేను బాగున్నాను, వేళకు తింటున్నాను, ఫికర్ చేయకండి. ఎండలకు హాస్టల్ గదిలో నలుగురం ఉడికిపోతున్నాం. బేగం బజార్‌లో చవకగా ఒక టేబుల్ ఫ్యాన్ కొన్నాను. అది తిరుగుతుంది, గాలి మాత్రం రాదు. సాంబారులో ముక్క దొరికితే గదిలో అందరికీ చూపించుకుంటాం. స్టేషన్‌లో బండి ఆలస్యమని చెప్పే మాటలు మూడు భాషల్లోనూ మా కిటికీ దాకా వినిపిస్తాయి. మొదట్లో అవి వింటే ఇంటికి రావాలనిపించేది. ఇప్పుడు అలవాటైంది. నిజంగా బాగున్నాను.

అసలు సంగతి ఫోన్‌లో చెబితే అమ్మ మధ్యలో ఏడుస్తుంది, మీరు "సరే తియ్" అంటారు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

మన చర్చిలో వేసవి బైబిలు బడి పిల్లల కోసం నేను పంపిన కంప్యూటర్ ఆట గుర్తుంది కదా, నీళ్లు పెరిగేలోపు జంతువులను జతలు జతలుగా నోవహు ఓడ ఎక్కించే ఆట. అది నేనొక్కదాన్నే చేసింది కాదు. అబిడ్స్‌లో మా కంప్యూటర్ రిపేరు షాపులో నా ఎదురు టేబుల్ షబానాది. ఇద్దరం అన్నం తినే వేళల్లో కూర్చుని రెండు నెలలు చేశాం. కథ మొదలుపెట్టానో లేదో, "అరే, నూహ్ కథనా? గది మాకూ ఉంది. ఓడ నువ్వు గీయి, జంతువుల్ని నేను నడిపిస్త" అంది. ఏనుగు నడక కుదరక, తనే చెయ్యి తొండంలా ఊపుకుంటూ షాపంతా తిరిగి చూసింది. "దుకాణంల సర్కస్ పెట్టిన్రా?" అని మా సేఠ్ కసిరాడు. "జర ఆగుండ్రి సేఠ్, ఓడ ఎక్కి పోత" అంది.

చివరికి ఆటనంతా ఒకే ఫైలుగా మూటకట్టింది నేను. షబానా వద్దనే అంది. "గట్లా కడితే యాంటీవైరస్‌లు లొల్లి చేస్తయ్. విడివిడిగా పంపు" అంది. నేను వినలేదు. ఒక్కసారి నొక్కగానే ఆట తెరుచుకుంటే నలుగురిలో మీకు గొప్పగా ఉంటుందనుకున్నాను.

మీరు ఫోన్ చేసిన రోజు నా చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది. ఫోన్ టేబుల్ మీద, స్పీకర్‌లో ఉంది. "ఏంది బిడ్డా గిది? పిల్లలందరి ముందట తెర మీద ఎర్రగ వైరస్ అని పడ్డది, ఆట మాయమైంది. బాప్తిస్మాల రిజిస్టరంతా ఈ కంప్యూటర్లనే ఉందని పాస్టరు అయ్యగారు భయపడుతున్నరు. నువ్వేనా పంపింది?" అన్నారు.

అందులో వైరస్ లేదని నాకు తెలుసు. ఆ మాట చెప్పలేదు. "లోపల రాసింది నేను కాదు నాయినా, ఇంకో అమ్మాయి. ఏం పెట్టిందో నాకు తెలియదు" అన్నాను. ఎవరా పిల్ల అన్నారు. పేరు చెప్పాను. "ఓ... గట్లనా" అని ఊరుకున్నారు.

ఆ పేరు చెబితే మీరు ఇంకేమీ అడగరని నాకు ముందే తెలుసు. తెలిసే చెప్పాను. ఈ రెండు వాక్యాలు రాయడానికి మూడుసార్లు కలం పక్కన పెట్టాను.

షబానా ఎదురుగానే ఉంది. చేతిలోని కీబోర్డు బిగించడం ఆపలేదు. ఆఖరి స్క్రూ తిప్పాక, "నా పేరు నీకు మంచిగ అక్కరకొచ్చింది" అంది.

మర్నాడు మన ఆటను చర్చి కంప్యూటర్‌లోని యాంటీవైరస్ తయారుచేసిన కంపెనీకి పరీక్షకు పంపింది కూడా తనే. "నీ కోసం కాదు. నా ఏనుగులు దొంగలు కావు" అంది. నాలుగు రోజులకు జవాబు వచ్చింది. ఫైలులో హాని చేసేదేమీ లేదట, పొరపాటున పట్టుకున్నారట, సవరించారట. కొన్ని వైరస్‌లు కూడా ఇట్లాగే ఒకే మూటలో వస్తాయి. పైగా మనది ఎవరూ వాడని కొత్త ఆట. ఆ యాంటీవైరస్ మూటను చూసి అనుమానించింది గానీ, లోపల ఉన్నవి మేకలూ ఏనుగులూ అని దానికి తెలియదు. అది తెలియక అన్నది. నేను తెలిసి అన్నాను.

ఆ జవాబు ప్రింటు ఇందులో పెట్టాను. రిజిస్టరుకు ఏమీ కాలేదని అయ్యగారికి చూపించండి.

ఈ రెండు ఆదివారాలూ గన్‌ఫౌండ్రీ దాకా నడిచి, చర్చి గేటు దాటలేక వెనక్కి వచ్చాను. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఊరికే తిరగేసి హాస్టల్‌కు పోయాను. మీరంతా నా కోసం మోకరించారని విన్నప్పటి నుంచి నా మోకాళ్లు వంగట్లేదు. షబానా ఇప్పటికీ తన డబ్బా తెరిచి పుల్లటి పప్పు నా వైపు జరుపుతుంది. మాట మాత్రం పని వరకే. మా ఊరికి రా, అందరి ముందూ నిజం చెబుతాను అన్నాను. "నేనెందుకు రావాలె? నన్ను పక్కన నిలబెట్టుకొని మాఫీ అడిగి, మంచిదానివి అనిపించుకుంటవా? ఎవరికి చెప్పినవో వాళ్లకే పోయి చెప్పు" అంది.

అమ్మకు, నానమ్మకు నా వందనాలు చెప్పండి. అయ్యగారికి, సండేస్కూల్ పిల్లలకు కూడా. కొత్త మామిడికాయ తొక్కు రెండు సీసాలు తీసి పెట్టమనండి. ఒకటి షబానాకు, తను తీసుకుంటే. మీ దీవెన నాకు కావాలి, కానీ ఇదంతా చదివాక మనసొప్పితేనే ఇవ్వండి.

వచ్చే ఆదివారం మొదటి బస్సుకు వస్తున్నాను. మీరు లేచి నిలబడ్డ చోటనే నిలబడి, ఆటను మూటకట్టింది నేనని, అబద్ధమాడింది నేనని, షబానా ఏ తప్పూ చేయలేదని చెబుతాను. అయ్యగారు వద్దన్నా చెబుతాను. మీరు వద్దన్నా చెబుతాను.

మీ కూతురు
ఎస్తేరు