జారిన చేప

సెప్టెంబరు 4, మధ్యాహ్నం
ఈరోజు సాల్మన్‌లకు పట్టిన పేలు లెక్కపెట్టాను. ఫ్యోర్డ్‌లో, అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన ఈ సముద్రపు పాయలో, మాకున్న ఒక్కో వలబోనుకు వారానికి ఇరవై చేపలు. సగటున చేపకు సగం పేను (0.5) దాటితే మందు పెట్టాలని సర్కారు రూలు. ఇంకోసారి మందు పెడితే నీరసించినవి చస్తాయని మేనేజరు హాల్వార్ నిన్నే గొణిగాడు.

పద్నాలుగో చేప మీద ఆరు పేలు. చేతులు వదులు చేశాను. నీళ్లలో పడింది. జారిపోయిందని అరిచాను. జారిన చేపను మేం లెక్కలో వేసుకోం, ఇంకోటి పడతాం. అలా పట్టిన కొత్తదాని మీద ఒక్క పేనూ లేదు.

సగటు 0.35 వచ్చింది. జారనివ్వకపోతే 0.65.

సెప్టెంబరు 5
పొద్దున్నే కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ వేశాను, అసలు సగటు ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా ఉండొచ్చో చూద్దామని. సున్నా నుంచి 0.7 దాకా! అదీ నా దొంగ లెక్క మీద. ఇరవై చేపలతో ఏదీ గట్టిగా చెప్పలేం. 0.15 తేడాలోపు పట్టుకోవాలంటే నూట పది చూడాలి. హాల్వార్‌కు చెప్పాను. ఫారంలో సగటుకు ఉన్నది ఒక్కటే గడి, నీ ఇంటర్వెల్‌ని ఎక్కడ కుక్కుతావ్ తల్లీ అన్నాడు. నవ్వాను. ఛీ, నవ్వాను! ఫారం సర్కారుకు పంపేశాను.

సెప్టెంబరు 6
రాయబుద్ధి కావడం లేదు.

సెప్టెంబరు 27
ఓడ్నీ ఫోన్ చేసింది. మా బోనుల మీదుగా పోయే నీళ్లే ఆమె బోనులకు వెళతాయి. రెండే బోనులు, భర్త పోయాక ఒక్కతే చూసుకుంటోంది. చేపలు ఊరికే ఎగిరెగిరి పడుతున్నాయట. ఓసారి వచ్చి చూడవే అమ్మాయ్, నీ లెక్కంటేనే నాకు నమ్మకం అంది. పేలు కుడుతుంటేనే చేపలు అలా ఎగురుతాయి.

సెప్టెంబరు 29
నూట పది చేపలు చూశాను. ఒక్కటీ జారనివ్వలేదు. సగటు 1.9, అటూ ఇటూ 0.3. ఎంత తగ్గించి చూసినా హద్దుకు మూడింతలు. ఎగువన మా బోనులు తప్ప ఇంకేమీ లేవు. ఆరోజు మందు పెట్టి ఉంటే?

పోనీలేవే, నువ్వైనా ఉన్నదున్నట్టు చెప్పావ్ అంది ఓడ్నీ. తలెత్తి ఆమె మొహం చూడలేకపోయాను.

అక్టోబరు 3
పేలు మందుకు మించిపోయాయని ఆమె చేపలన్నిటినీ ముందే కోతకు తీసుకెళ్లారు. ఇంకా రెండేసి కిలోలు కూడా లేవు, కోతకు నాలుగైదైనా ఉండాలి. ఆ పాపం నాదే.

అక్టోబరు 4
ఓడ్నీకి చెప్పేశాను. నాకోసం పోసిన కాఫీని మళ్లీ ఫ్లాస్కులోకి వంపేసింది. మరి నా చేపల లెక్కయినా నిజమేనా అని అడిగింది.
నిజమే అన్నాను. నమ్మలేదు.