నా రంగు కొడుకు

మాండెవిల్, జమైకా. మార్చి 5, 1961, ఆదివారం

కార్ల్టన్ కింగ్‌స్టన్ నుంచి వచ్చాడు. తల నిండా జడలు కట్టిన జుట్టు. జడలు పెంచి, నల్ల దేవుణ్ణి కొలిచే రాస్తా మతంవాళ్లలో కలిశాడట. చర్చికి బయల్దేరుతుంటే అన్నాడు: "దేవుడు నల్లవాడు నాన్నా. నీ తెల్ల దేవుడు ఎన్నటికీ నిన్ను వెనక బెంచీలోనే కూర్చోబెడతాడు."

నేను చర్చి వ్యవహారాలు చూసే వార్డెన్‌ని. నాది రెండో బెంచీ. మొదటిది బ్యాంకు మేనేజరు గారిది. వాళ్లు ఇంగ్లండు వాళ్లు.

మార్చి 8

ఐవరీన్‌ను కట్టుకున్నదే ఆమె పసిమి రంగు చూసి. వంశం ఒక మెట్టు పైకెక్కుతుందనుకున్నాను. పుట్టినవాడు నాకంటే నలుపు. ఇన్నేళ్లుగా వాడి మొహంలో నన్నే చూసుకుంటున్నాను. అసహ్యం.

మార్చి 19, ఆదివారం

కార్ల్టన్ చర్చి మెట్ల మీద నిలబడి, క్రీస్తు మనలాంటి నల్లవాడే అని అరిచాడు. ప్రార్థనకొచ్చిన మిసెస్ టల్లక్ కాండ్రించి ఉమ్మింది. "ఈ మసిమొహమా నా దేవుడు? ఛీ!" ఆవిడ నాకంటే నలుపు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మధ్యాహ్నం పోలీసులకు కబురు పంపాను. వాడి దగ్గర గంజాయి ఉందన్నాను. లేదు.

మార్చి 20

పోలీసులు వాణ్ణి తీసుకుపోయారు. ఐవరీన్ పక్క వేరే గదిలో వేసుకుంది.

మార్చి 22

ఫిర్యాదు మీద సంతకానికి స్టేషన్‌కు రమ్మన్నారు. సూటు వేసుకుని వెళ్లాను. కౌంటర్‌లో ఎవడో కొత్త కానిస్టేబుల్. వాడూ నల్లవాడే. కార్ల్టన్ తండ్రినన్నాను. అంతే, కాలర్ పట్టుకున్నాడు.

"ఆ మురికిని కన్నది నువ్వేనట్రా, బొగ్గుమొహమా?"

చెంప పగిలింది. కింద పడ్డాను. నన్నెవరూ లేపలేదు.

లాకప్‌లోంచి కార్ల్టన్ అరిచాడు. గుండు గీసేశారు, నెత్తి మీద కత్తిగాట్లు. "కొట్టకండి సార్! ఆయన నాకేమీ కాడు. చర్చి పెద్దమనిషి. పొరపాటున వచ్చాడు, పంపెయ్యండి!"

స్టేషన్ బయటి తలుపు తెరిచే ఉంది. వెళ్లిపోవచ్చు.

వాడు నా కొడుకేనన్నాను. గంజాయి మాట నేనల్లిన అబద్ధమన్నాను. కార్ల్టన్ వింటుండగానే.

మార్చి 25

వాణ్ణి విడిచిపెట్టారు. ఇంటిదాకా నా వెనకే నడిచాడు. 

ఏప్రిల్ 2, ఈస్టర్

క్రీస్తు శరీరమంటూ ఫాదర్ ఇచ్చిన రొట్టె నోట పెట్టుకోలేకపోయాను. రుమాలులో చుట్టి ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టాను. కార్ల్టన్ రుమాలు విప్పి చూశాడు. సగం తుంచి నోట్లో వేసుకున్నాడు. మిగతా సగం నావైపు జరిపాడు.