ఉచితంగా వచ్చిన పైకప్పు

ఎలాదియో,

పదింటికి కొత్త బీమా కంపెనీ మనిషి పైకప్పు చూడడానికి వస్తాడు. కుక్కను వెనక గదిలో కట్టెయ్. నిచ్చెన పట్టుకో, నువ్వు మాత్రం ఎక్కకు. నల్ల చిక్కుళ్లు పొయ్యి మీదున్నాయి.

అతను ఏం చెప్పినా ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. ఈ మాట నేను చెప్పడమేమిటని నవ్వుకుంటావు, నవ్వుకో.

వడగళ్లు పడిన మర్నాడు తలుపు కొట్టిన ఆ పైకప్పుల కాంట్రాక్టరు, "మీకు ఒక్క డాలరు ఖర్చుండదమ్మా, బీమా వాళ్ల సంగతి మేం చూసుకుంటాం" అన్నాడు. నువ్వు పైకెక్కి చూసి, "రెండు పెంకులే లేచాయి మిరేయా, నేనే మేకులు కొట్టేస్తాలే" అన్నావు. నిన్ను పిసినారివని తిట్టి, మన బీమా డబ్బు అడిగే హక్కు వాళ్లకే రాసిచ్చే కాగితం మీద సంతకం పెట్టేశాను. వాళ్లు కొత్త పైకప్పు వేసి, ఆ కాగితం పట్టుకుని డబ్బు కోసం మన బీమా కంపెనీ మీద కోర్టుకెక్కారు. కంపెనీ మన బీమా రద్దు చేసేసింది. కొత్తవాళ్లు ప్రీమియం మూడింతలు అడుగుతున్నారు. అలాంటి సంతకాలు చెల్లవని ఇప్పుడు చట్టం వచ్చింది. మనది అంతకు ముందుది.

నీ మాట వినాల్సింది.

పక్కింటి ఓడాలిస్ పిన్ని దగ్గరికి ఆ కాంట్రాక్టర్ని తీసుకెళ్లింది కూడా నేనే. ఆవిడ బీమా కూడా నిన్న రద్దయింది. అంత కట్టలేక, ఈ తుఫానుల కాలం బీమా లేకుండానే గడుపుతానంటోంది. నన్ను ఒక్క మాటా అనలేదు.

మిరేయా

కొత్త పైకప్పు పడిందన్న సంతోషంతో పిన్ని నాకు పాలూ గుడ్లతో ఫ్లాన్ మిఠాయి చేసి తెచ్చిన గిన్నె ఇంకా మన అల్మారాలోనే ఉంది. నువ్వు ఇచ్చెయ్యకు. నేనే తీసుకెళ్లాలి.