సముద్రంలో గిన్నెడు పాలు

ప్రొద్దుటూరు, ఆదివారం రాత్రి

నా భార్య సరోజ పోయాక ఖాళీ అయిన గదికీ హాలుకీ మధ్య గోడ తీయించి కట్టించిన అద్దాల తొట్టి ఈ రోజు నిండింది. ఉప్పు కలిపిన నీళ్లు, సముద్రపు రాళ్లు, నీలం లైట్లు. నీళ్లు కుదురుకుని చేపలు, పగడాలు రావడానికి ఇంకా నెల పడుతుంది.

చూడడానికి రమ్మంటే బంధువులు చేపలు వచ్చాక వస్తామన్నారు. వచ్చింది పక్కింటి సుబ్బక్క ఒక్కతే. “చేపలకు కొత్తిల్లు గదప్పా” అంటూ తెచ్చిన పాలు నా పొయ్యి మీద పొంగించింది. నేను మోటారు చూసుకుంటుంటే గిన్నెడు పాలు తొట్టిలో పోసేసింది.

నీళ్లు తెల్లబడ్డాయి. తొట్టి బిగించిన బెంగళూరు మనిషికి ఫోన్ చేస్తే, మొత్తం తోడేసి మళ్లీ నింపమన్నాడు.

“ఎంత పని చేస్తినప్పా” అని సుబ్బక్క కొంగుతో అద్దం తుడుస్తూ నిలబడింది.

ఊరికే అరిచే మనిషిని నేను. నోట్లోంచి మాత్రం, “మళ్లా నింపేటప్పుడు గూడా రాక్కా” అని వచ్చింది.

టీ కూడా బయటే తాగుతాను. సరోజ పోయాక ఈ ఇంట్లో పాలు పొంగడం ఇదే మొదలు. పొంగిన పాలు పొయ్యి చుట్టూ ఎండిపోయి ఉన్నాయి. ఇంకా తుడవలేదు.